బురద పందెపు చక్రం: తేలికైన సైక్లోక్రాస్ చక్రానికి భాగాల ఎంపిక

సైక్లోక్రాస్ అంటే బెల్జియం, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో సెప్టెంబరు మొదలుకొని ఫిబ్రవరి దాకా, వాన పడినా మంచు కురిసినా ఆగకుండా, పచ్చికబయళ్లలోనూ అడవి అంచుల్లోనూ ఇసుక దిబ్బల మీదా జరిగే సైకిల్ పందెం. సుమారు 2.5 నుంచి 3.5 కిలోమీటర్ల చుట్టును పోటీదారులు మళ్లీ మళ్లీ తిరుగుతారు. అగ్రశ్రేణి పురుషుల పందెం దాదాపు గంటసేపు, మహిళల పందెం దాదాపు 50 నిమిషాలు సాగుతుంది. దారిలో 40 సెంటీమీటర్ల ఎత్తుకు మించని అడ్డుపలకలు, మెట్లు, తొక్కి ఎక్కలేని నిటారు గట్లు ఎదురవుతాయి గనుక పోటీదారు దిగి, సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తవలసి వస్తుంది. 1950లో పారిస్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగిన నాటి నుంచి సైకిళ్లు ఎంతగా మారినా, ఈ పందెం చక్రాన్ని పెట్టే పరీక్ష మాత్రం పెద్దగా మారలేదు. మూల తిరిగిన ప్రతిసారీ చక్రం చప్పున వేగం అందుకోవాలి, గాలి తక్కువగా ఉన్న టైరు చెట్ల వేళ్లకు, రాళ్లకు తగిలినప్పుడు దెబ్బ ఓర్చుకోవాలి, బురదనూ ఇసుకనూ ఆ తరువాత వాటిని కడిగే నీటి ధారనూ తట్టుకోవాలి.

తేలికైన చక్రం కట్టదలచినవారు సాధారణంగా తూకం దగ్గర మొదలుపెడతారు. అన్నిటికన్నా తేలికైన హబ్బు, అన్నిటికన్నా తేలికైన రిమ్ము, అన్నిటికన్నా సన్నని స్పోకులు ఏరి ఒకచోట చేరిస్తే అన్నిటికన్నా మంచి చక్రం తయారవుతుందనే లెక్క అది. ఈ లెక్క రెండు విధాల తప్పు. చక్రంలో ఒక గ్రాము ఎక్కడ ఉందనేదాన్ని బట్టి దాని విలువ మారుతుంది. ఒక గ్రాము తగ్గించినందుకు చెల్లించే మూల్యం కూడా భాగాన్ని బట్టి మారుతుంది. ఈ రెండూ కలిపి చూసినప్పుడు ఎంపిక టైరుతో మొదలై రిమ్ముకు, అక్కడి నుంచి హబ్బుకు, స్పోకులకు వచ్చి, అన్నిటికన్నా చిన్నదైన నిపిల్ దగ్గర ముగియాలని తేలుతుంది.

గ్రాము విలువ మారడానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. సైకిలు మీద కదలకుండా అమరిన బరువు ముందుకు మాత్రమే కదులుతుంది; చక్రం అంచున ఉన్న బరువు ముందుకు కదులుతూనే గుండ్రంగా కూడా తిరుగుతుంది గనుక దానికి వేగం అందించడానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. అందువల్ల టైరులో, రిమ్ములో తగ్గిన 100 గ్రాములు వేగం అందుకునే సమయంలో 200 గ్రాములతో సమానం; ఇరుసు దగ్గర ఉన్న హబ్బులో తగ్గిన 100 గ్రాములు ఇంచుమించు 100 గ్రాములే; ఇరుసు నుంచి అంచు వరకు పరుచుకున్న స్పోకుల్లో తగ్గిన 100 గ్రాములు సుమారు 133 గ్రాములతో సమానం. అయితే భుజాన మోసేటప్పుడు ఈ తేడాలేవీ ఉండవు, గ్రాము ఎక్కడున్నా గ్రామే. ఈ లెక్కను అతిగా నమ్మకుండా ఉండడం కూడా అవసరం. పోటీదారు, సైకిలు కలిసి 80 కిలోలు తూగుతారనుకుంటే, రెండు రిమ్ముల్లో కలిపి 120 గ్రాములు తగ్గించినవారు వేగం అందుకునేటప్పుడు 240 గ్రాముల మేలు పొందుతారు. అది మొత్తంలో నూటికి 0.3 వంతు. చుట్టుకు పదుల సార్లు మూల తిరిగి వేగం పుంజుకునే పందెంలో ఆ స్వల్పం లెక్కకు వస్తుంది, కానీ టైరుకు నేల మీద పట్టు లేకపోతే దాన్ని మూల దగ్గరే పోగొట్టుకోవలసి వస్తుంది. జిగట బురద రోజున ఒక్క చుట్టులోనే సైకిలుకు అంటుకునే మట్టి ఈ పొదుపునంతటినీ చాలా రెట్లు మించిపోతుందన్న సంగతి తూకపు యంత్రాల అభిమానులు సాధారణంగా ప్రస్తావించరు.

టైరు విషయంలో మొదటి హద్దును నియమమే గీస్తుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అయిన యూసీఐ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదు. లోహపు మేకులున్న టైర్లు వాడకూడదు. ఆ హద్దు లోపల మూడు రకాలున్నాయి. అంచున ఉన్న తీగ రిమ్ము కొక్కెంలో పట్టుకొని లోపల విడి ట్యూబు ఉండే మామూలు టైరు క్లించర్. అదే తరహాలో ట్యూబు లేకుండా, లోపల పోసిన ద్రవం చిన్న రంధ్రాలను మూసివేసేది ట్యూబ్‌లెస్. ట్యూబును లోపల పెట్టి గుడ్డను చుట్టూ కుట్టివేసి, ఆ గొట్టం మొత్తాన్ని రిమ్ముకు జిగురుతో అంటించేది ట్యూబ్యులర్. సైక్లోక్రాస్‌లో గాలి ఒత్తిడి సుమారు 1.3 నుంచి 2 బార్ల మధ్య, అంటే దాదాపు 19 నుంచి 29 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. ఇంత మెత్తగా ఉన్నప్పుడే టైరు నేలమీద పరుచుకొని పట్టు సాధిస్తుంది. ఆ ఒత్తిడిలో క్లించర్ టైరు వేరుకు తగిలితే ట్యూబు రిమ్ము అంచుకూ నేలకూ మధ్య నలిగి చిల్లు పడుతుంది గనుక అది సాధనకు తప్ప పందేనికి పనికిరాదు.

మిగిలిన రెండింటి మధ్య ఎంపిక అంత సులభం కాదు. ట్యూబ్యులర్ రిమ్ముకు కొక్కెపు గోడలు అక్కర్లేదు గనుక అది తేలికగా ఉంటుంది; టైరు జిగురుతో అంటి ఉంటుంది గనుక మూలలో పక్కకు ఒత్తినా గాలి వదలదు, గాలి పోయినా రిమ్ము మీదే నిలిచి, పోటీదారును సైకిలు మార్చుకునే పిట్ దాకా చేరుస్తుంది. బెల్జియం అగ్రశ్రేణి పోటీదారులు దాన్ని దశాబ్దాలుగా వదలకపోవడానికి కారణం ఇదే. అయితే దానికయ్యే శ్రమ తక్కువ కాదు. రిమ్మును శుభ్రం చేసి, టైరుకూ రిమ్ముకూ పలుచగా జిగురు పూసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్లీ పూసి, మధ్యలో గుడ్డ పట్టీ వేసి, ఆ తరువాతే టైరు ఎక్కించాలి. నీరు అంచు నుంచి లోపలికి ఇంకితే జిగురు పట్టు సడలి, మూలలో టైరు ఊడివచ్చే ప్రమాదం ఉంటుంది. ఆరిన నేలకు, ఇసుకకు, బురదకు వేర్వేరు నమూనాల టైర్లు కావాలి, ట్యూబ్యులర్‌లో ప్రతి టైరుకూ ఒక చక్రం కేటాయించాలి. ఇంటి దగ్గర సహాయకులు లేని, ఒకటి రెండు జతల చక్రాలతో సరిపెట్టుకునే పోటీదారుకు ట్యూబ్‌లెస్ మేలు. దాని రిమ్ము కొంత బరువెక్కినా, టైరును చేతితో మార్చుకోవచ్చు. మెత్తగా ఉన్నప్పుడు పక్క ఒత్తిడికి అంచు క్షణకాలం తెరుచుకొని గాలి బుస్సున పోయే లోపాన్ని మాత్రం గుర్తుంచుకొని, ట్యూబ్యులర్‌లో వేసేదానికన్నా కాస్త ఎక్కువ గాలి నింపాలి.

టైరు తేలిన తరువాతే రిమ్ము. ఇక్కడ వెడల్పు, లోతు, పదార్థం అనే మూడు విషయాలు చూడాలి, వాటిలో మొదటిదాన్ని చాలామంది విస్మరిస్తారు. రిమ్ము లోపలి వెడల్పు పెరిగిన కొద్దీ దాని మీద కూర్చున్న టైరు కూడా విస్తరిస్తుంది; టైరు పక్కన 33 అని ముద్రించి ఉన్నా, 25 మి.మీ. లోపలి వెడల్పున్న, కంకర దారుల సైకిళ్లకు వాడే నేటి గ్రావెల్ రిమ్ము మీద అది హద్దు దాటే అవకాశం ఉంది. పోటీ అధికారులు కొలిచేది ముద్రను కాదు, గాలి నింపిన టైరును. అందువల్ల ట్యూబ్‌లెస్ చక్రానికి 19 నుంచి 22 మి.మీ. లోపలి వెడల్పు సరైన పరిధి. అంతకన్నా వెడల్పైన రిమ్ము చేతిలో ఉంటే 31 లేదా 32 మి.మీ. టైరు వేసి, రెండు మూడు రోజులు గాలితో ఉంచి, కొలిచి చూడాలి, ఎందుకంటే కొత్త టైరు కొన్ని రోజుల్లో మరికాస్త సాగుతుంది.

లోతు అంటే రిమ్ము అంచు నుంచి ఇరుసు వైపు ఉన్న కొలత. తక్కువ లోతు రిమ్ము తేలిక. అయినా ఉత్తర సముద్ర తీరాన కోక్సైడ్ ఇసుక దిబ్బల మీద జరిగే పందెం వంటి చోట్ల 35 నుంచి 50 మి.మీ. లోతున్న కార్బన్ రిమ్ములు విరివిగా కనిపిస్తాయి, ఎందుకంటే చక్రం కూరుకున్నప్పుడు ఇసుకను స్పోకులు చిలకడానికి బదులు నున్నని గోడ చీల్చుకుంటూ పోతుంది. 2012లో ప్రపంచ పోటీ జరిగి, అగ్రశ్రేణి పురుషుల పందెంలో మొదటి ఏడు స్థానాలూ బెల్జియం వారికే దక్కిన స్థలం అది. నమూర్ కోట చుట్టూ ఎక్కి దిగే దారిలో మాత్రం ఆ లాభం తక్కువ, మోసే భారమే ఎక్కువ. రెండింటికీ ఒకే జత కట్టేవారు 30 నుంచి 35 మి.మీ. దగ్గర ఆగడం సముచితం.

పదార్థం విషయంలో కార్బన్ రిమ్ము తేలికగా, బిగువుగా ఉంటుందన్నది నిజమే; మంచి కార్బన్ ట్యూబ్‌లెస్ రిమ్ము సుమారు 400 గ్రాములు, అదే తరహా అల్యూమినియం రిమ్ము 450 నుంచి 480 గ్రాములు తూగుతుంది. దెబ్బ తగిలినప్పుడు అల్యూమినియం సొట్ట పోతుంది, ఆ సొట్టతోనే పందెం ముగించవచ్చు. కార్బన్ పగిలితే ఆ రిమ్ము పని అంతటితో సరి. డిస్క్ బ్రేకులను యూసీఐ 2010లో సైక్లోక్రాస్‌కు అనుమతించిన తరువాత రిమ్ము పక్కలను బ్రేకు రబ్బర్లు అరగదీసే బాధ పోయింది. ఇసుకతో కలిసిన బురద ఆ రబ్బర్ల మధ్య చేరి ఒక్క కాలంలోనే రిమ్ము గోడను పలుచన చేసే రోజుల్లో ఖరీదైన రిమ్ము కొనడం డబ్బును ఆరుబయట పారబోయడమే. డబ్బు పరిమితంగా ఉండి ఒక్క భాగంలోనే ఖర్చు పెట్టగలిగినవారు దాన్ని రిమ్ము మీదే పెట్టాలి, ఎందుకంటే గ్రాముకు రెట్టింపు ఫలితమిచ్చే చోటు అదే.

హబ్బు ఎంపికలో ఇందుకు పూర్తిగా భిన్నమైన దృష్టి కావాలి. అది కేంద్రంలో ఉంటుంది గనుక అక్కడి గ్రాముకు విలువ తక్కువ. నీరు, ఇసుక చేరేదీ అక్కడికే గనుక అక్కడి నాణ్యతకు విలువ ఎక్కువ. ముందుగా ఫ్రేముకు సరిపోయే కొలత చూడాలి: నేటి డిస్క్ ఫ్రేముల్లో ముందు 12 మి.మీ. ఇరుసుతో 100 మి.మీ., వెనుక 12 మి.మీ. ఇరుసుతో 142 మి.మీ. వెడల్పు సాధారణం. వెనుక హబ్బులో పెడలు తొక్కినప్పుడు పట్టుకొని, ఆపినప్పుడు వదిలే యంత్రాంగం రెండు రకాలుగా ఉంటుంది. చిన్న స్ప్రింగులతో లేచే నాలుకల పద్ధతి ఒకటి. పళ్లున్న రెండు వలయాలు ఎదురెదురుగా కలిసే రాట్చెట్ పద్ధతి రెండోది. స్విట్జర్లాండ్‌కు చెందిన డీటీ స్విస్ హబ్బుల్లో వాడే రెండో పద్ధతిలో విరిగే చిన్న ముక్కలు తక్కువ. చాలా నమూనాలను ప్రత్యేక పనిముట్లు లేకుండా చేతితో విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించవచ్చు. 36 పళ్ల వలయం 10 డిగ్రీలకు ఒకసారి పట్టుకుంటుంది. 18 పళ్లదైతే 20 డిగ్రీలు తిరగాలి. గట్టు దిగి మళ్లీ తొక్కడం మొదలుపెట్టేటప్పుడు ఈ తేడా పాదానికి తెలుస్తుంది, 54 పళ్లకు వెళ్లినా అదనంగా తెలిసేది కొద్దే.

బేరింగుల్లో సిరామిక్ గుండ్ల కోసం డబ్బు పెట్టడం ఈ పందెంలో వృథా. పందెం మధ్యలోనే పిట్‌లో ఒత్తిడి నీటితో సైకిలు కడుగుతారు. ఆ నీరు లోపలికి పోకుండా ఆపే రబ్బరు మూతలు గట్టిగా తాకి ఉండే బేరింగులు కాస్త బరువుగా తిరిగినా నిలుస్తాయి. అవి 6902, 6903 వంటి ప్రామాణిక కొలతల్లో ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది, అప్పుడు కంపెనీ విడిభాగం కోసం ఎదురుచూడకుండా యంత్ర పరికరాల బజారులో మంచి బేరింగు కొని వేసుకోవచ్చు.

స్పోకులు, అంటే సైకిలు దుకాణాల్లో పుల్లలు అనేవి, చక్రంలో అన్నిటికన్నా తప్పుగా అర్థమైన భాగం. ఎడ్లబండి చక్రంలో కింది ఆకు బండి బరువును కర్రలా నిలబడి మోస్తుంది. సైకిలు చక్రంలో స్పోకులన్నీ ముందే లాగి బిగించి ఉంటాయి, బరువు పడినప్పుడు కింది స్పోకుల్లో ఆ లాగుడు కొంత తగ్గుతుంది, మిగిలినవాటిలో పెద్దగా మార్పు రాదు. అమెరికన్ ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’ అనే పుస్తకంలో ఈ విషయాన్ని లెక్కలతో వివరించాడు. దీన్నిబట్టి తేలే సంగతి ఒకటుంది: స్పోకు తెగేది ఒక్క పెద్ద బరువుకు కాదు, చక్రం తిరిగిన ప్రతిసారీ లాగుడు తగ్గి పెరగడం వల్ల హబ్బులో చేరే వంపు దగ్గర వచ్చే అలసటకు. చివరల్లో 2 మి.మీ. ఉండి నడుమ 1.8 లేదా 1.5 మి.మీ.కు సన్నబడిన స్పోకు నడుమ భాగంలో కొద్దిగా సాగి, వంపు మీద భారాన్ని తగ్గిస్తుంది గనుక, మొత్తం ఒకే మందం ఉన్న బరువైన స్పోకు కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. తేలిక, మన్నిక ఒకే దిశలో నడిచే అరుదైన చోటు ఇది. బెల్జియం కంపెనీ సాపిమ్ తయారుచేసే సీఎక్స్-రే వంటి చదును స్పోకులతో 56 స్పోకుల జత సుమారు 270 గ్రాములు తూగితే, నడుమ 1.8 మి.మీ. ఉన్నవాటితో అదే జత దానికన్నా దాదాపు 100 గ్రాములు ఎక్కువ తూగుతుంది. నడుమ 1.5 మి.మీ. ఉండి, చదును స్పోకులంత బరువే తూగే గుండ్రటి స్పోకులు చాలా చవక. బిగించేటప్పుడు అవి మెలి తిరుగుతాయి, చదును స్పోకు మెలి తిరిగితే కంటికి కనిపిస్తుంది, పట్టుకొని ఆపవచ్చు. అదనపు ధర చెల్లించేది గాలిని చీల్చడానికి కన్నా ఈ సౌలభ్యానికే అనుకోవాలి.

స్పోకుల సంఖ్య తగ్గించి తేలిక సాధించాలనే ఆలోచన మాత్రం ఆపాలి. మన దేశపు పాత రోడ్‌స్టర్ సైకిళ్లలో ముందు 32, వెనుక 40 ఉండేవి. అన్ని అవసరం లేదు, 28, 28 అమరిక చాలామందికి సరిపోతుంది, 65 కిలోల లోపు పోటీదారు ముందు చక్రాన్ని 24తో కట్టుకోవచ్చు. 28 నుంచి 24కు దిగితే మిగిలేది చక్రానికి సుమారు 23 గ్రాములు. ఒక స్పోకు తెగినప్పుడు 28 ఉన్న చక్రం కాస్త వంకరపోయినా తిరుగుతుంది. తక్కువ స్పోకుల చక్రం, అప్పటికే బురదతో నిండిన ఫ్రేము సందులో రాసుకొని ఆగిపోతుంది. డిస్క్ బ్రేకు బలం హబ్బు నుంచి రిమ్ముకు స్పోకుల ద్వారానే చేరుతుంది గనుక నిటారుగా, ఒకదాన్నొకటి దాటకుండా వేసే రేడియల్ అల్లిక ఇక్కడ పనికిరాదు. రెండు లేదా మూడు దాట్ల అల్లికే వేయాలి.

డిస్క్ చక్రంలో రెండు వైపులా లాగుడు సమానంగా ఉండదు. ముందు చక్రంలో డిస్క్ పళ్లేనికి చోటివ్వడానికి హబ్బు ఎడమ అంచు మధ్యకు జరుగుతుంది. ఎడమ అంచు మధ్యగీతకు 22 మి.మీ., కుడి అంచు 33 మి.మీ. దూరంలో ఉంటే, కుడి స్పోకుల లాగుడు ఎడమవాటిలో మూడింట రెండు వంతులే. స్పోకు రంధ్రాలు 3 మి.మీ. కుడికి జరిపిన రిమ్ము ఎంచుకుంటే ఆ దూరాలు 25, 30 అవుతాయి, లాగుడు 83 శాతానికి చేరుతుంది. ఒక్క గ్రాము పెరగకుండా చక్రం బలపడే మార్గం ఇది, అయినా కొనేటప్పుడు బరువు అడిగేవారే తప్ప దీన్ని అడిగేవారు తక్కువ.

స్పోకు పొడవు ఊహించి కొనకూడదు. రిమ్ములో నిపిల్ కూర్చునే చోట్ల మధ్య వ్యాసం, హబ్బు అంచులో రంధ్రాల వలయపు వ్యాసం, మధ్యగీత నుంచి ఆ అంచు దూరం, స్పోకుల సంఖ్య, దాట్ల సంఖ్య తెలిస్తే లెక్క తేలుతుంది. పై కొలతలతో మామూలు రిమ్ముకు, రిమ్ము వ్యాసం 594, హబ్బు వలయం 44 మి.మీ., 28 స్పోకులు, మూడు దాట్లు అనుకుంటే ఎడమకు 292.4, కుడికి 293.4 మి.మీ. వస్తాయి, 292, 293 కొనాలి. రిమ్ము వ్యాసాన్ని కంపెనీ పత్రం నుంచి కాక స్వయంగా కొలిచి తీసుకోవడం శ్రేయస్కరం.

ఇక నిపిల్, అంటే స్పోకు చివరను రిమ్ముకు బిగించే చిన్న మర. ఇత్తడిది సుమారు 1 గ్రాము, అల్యూమినియందైతే అందులో మూడో వంతు. 56 నిపిళ్లకు పొదుపు దాదాపు 38 గ్రాములు, అదీ రెట్టింపు ఫలితమిచ్చే అంచు దగ్గర. కాగితం మీద ఇంతకన్నా మంచి బేరం ఉండదు. ఆచరణలో ఇంతకన్నా చెడ్డ బేరం కూడా లేదు, ఎందుకంటే రెట్టింపు లెక్క వేసినా అది 80 కిలోల్లో వెయ్యో వంతు కన్నా తక్కువ, అందుకు బదులుగా తడిలో అల్యూమినియం తుప్పు పట్టి స్పోకు మరతో అతుక్కుపోతుంది. కార్బన్‌కు తగిలి ఉన్నచోట రెండు వేర్వేరు పదార్థాల మధ్య తడి వల్ల పుట్టే విద్యుత్ రసాయన చర్య దాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. చలికాలం చివరికి తలలు ఊడిపోయే నిపిళ్లు, బెండు తీయడానికి కదలని స్పోకులు మిగులుతాయి. పొడి నేల పందేలకు తప్ప సైక్లోక్రాస్‌కు ఇత్తడే వాడాలి.

ఈ ఎంపికలన్నీ కలిపితే, హబ్బులు 340, రిమ్ములు 800, స్పోకులు 270, నిపిళ్లు 56 గ్రాములుగా జత సుమారు 1,470 గ్రాములు వస్తుంది. కట్టేటప్పుడు ఎక్కువ లాగుడున్న వైపు 100 నుంచి 120 కిలోగ్రాముల బలం వరకు, రిమ్ము తయారీదారు చెప్పిన హద్దు దాటకుండా బిగించి, పక్కపక్క స్పోకులను జతలుగా చేతితో గట్టిగా నొక్కి వంపులను సర్దుకోనిచ్చి, మొదటి సవారీ తరువాత మళ్లీ బిగువు చూడాలి. పిట్‌లో ఉంచే రెండో జతను కూడా అదే హబ్బుతో కట్టడం మేలు. హబ్బు మారితే డిస్క్ పళ్లెం ఒక మిల్లీమీటరులో కొంత వంతైనా పక్కకు జరిగి బ్రేకు మెత్తలకు రాసుకుంటుంది, గేర్ల వరస కూడా తప్పుతుంది. ఒకే రకం హబ్బులున్నా మిగిలే చిన్న తేడాను పళ్లెం కింద పలుచని వాషర్లు వేసి సరిచేసుకోవాలి; రెండు జతలనూ ఒకదాని తరువాత ఒకటి అదే ఫ్రేములో బిగించి, మెత్తలు ఎక్కడా తాకడం లేదని పందేనికి ముందురోజే చూసుకోవాలి.